పుట్టలో ఉన్నదెవరు

చంద్రకళా కాలనీలో పార్కు ఉందన్న సంగతి మొదట తెలిసింది కాగితం మీదే. ప్లాట్లు కొన్నవాళ్ళకు చూపించిన లేఅవుట్ కాగితంలో ఒక మూల ఆకుపచ్చ రంగు పూసి, మధ్యలో 'పార్కు' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉండేది. ఆ రంగు చూసి మురిసిపోయి, ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సు దిగి ఎండలో నడిచి వచ్చినవాళ్ళకు కనిపించేవి సర్కారు తుమ్మ చెట్లు, తంగేడు పొదలు, మొరం తవ్వుకుపోగా మిగిలిన గుంత, గుంతలో వాన నీళ్ళు, ఆ నీళ్ళలో ఒక బర్రె. మన్సూరాబాద్ తోవ పొడుగునా ఎనభైల్లో ఇలాంటి పార్కులు కాలనీకొకటి ఉండేవి. ఇళ్ళు మాత్రం టకటకా లేస్తుండేవి. పార్కులే పాపం కాగితం దిగి రాలేదు.

ఆ పార్కులో వన్యప్రాణులు ఉన్నాయని కనిపెట్టిన ఘనత మాత్రం లలితకుమారి టీచర్‌ది. ఆవిడ తెనాలి నుంచి పెళ్ళి చేసుకుని ఇటు వచ్చి, కాలనీ చివర రేకుల షెడ్డులో నడిచే బడిలో ఆరో తరగతికి తెలుగూ సైన్సూ చెప్పేది. ఆ బడికి ఆటస్థలం లేదు, ప్రయోగశాల మాట అడగనే కూడదు, సుద్దముక్కలకే కరువు. పిల్లలకు సైన్సు ఎలా చూపించాలో తోచక, ఒక శనివారం అందరినీ వరసలో పార్కుకు నడిపించుకుపోయింది. ఇక్కడున్న జీవాల గురించి తలా ఒక వ్యాసం రాయమనీ, బాగున్నవి గోడ పత్రికలో అంటిస్తాననీ చెప్పింది. చెప్పి తప్పు చేశానని సోమవారం నాడు అనుకుంది.

ఎందుకంటే సోమవారానికి పార్కు నిండా మృగాలే. శ్రీనివాస్ అనేవాడు పులిని చూశానని రాశాడు. ఎక్కడ చూశావురా అని టీచర్ అడిగితే, ట్రాన్స్‌ఫార్మర్ వెనకాల అని తడుముకోకుండా చెప్పాడు. బాపిరాజు పురి విప్పిన నెమలిని చూశాడు, దాని పక్కన జింకలు కూడా గంతులేశాయి. ఒక పిల్ల ఏకంగా ఏనుగును తెచ్చి గుంతలో జలకాలాడించింది. ఆరా తీస్తే అది మన బర్రే. గైడులో ఉన్న అడవి వ్యాసాన్ని అందరూ కలిసి తుమ్మ చెట్ల కింద దింపేశారన్నమాట. టీచర్ తల పట్టుకుని, ఆ రోజే ఒక చట్టం చేసింది. కళ్ళతో చూసిందే రాయాలి, చూడనిది ఒక్క ముక్క రాసినా పేజీ అంతా ఎర్ర సిరాతో కొట్టేస్తాను అని.

చట్టం బాగానే పని చేసింది. మరీ బాగా పని చేసింది. రెండోసారి బాపిరాజు వ్యాసం మొత్తం ఇంతే: 'మేక వచ్చింది. మేక తిన్నది. మేక పోయింది.' శ్రీనివాస్ ఇంకొంచెం కష్టపడి తెల్లవారగానే పోయి రాయి మీద కూర్చున్నాడు. సీతారాములు గారు చెంబు తీసుకుని తుమ్మ చెట్ల వెనక్కి వచ్చారనీ, తనను చూసి ఆగిపోయారనీ, తాను రాసుకుంటూనే ఉన్నాననీ, కాసేపు నిలబడి ఆయన వెళ్ళిపోయారనీ రాశాడు. కళ్ళతో చూసిందే గదా, టీచర్ ఏమంటుంది? గోడకు అంటించలేదు గానీ ఆ వ్యాసం నోటి మీదే కాలనీ అంతా తిరిగింది. సీతారాములు కాలనీ సంఘానికి కార్యదర్శి, పెద్దమనిషి. ఆ వారమే ఇంట్లో ఆగిపోయిన మరుగుదొడ్డి పని మళ్ళీ మొదలుపెట్టించాడు.

ఇంతమందిలో నిజంగా చూడడం తెలిసిన పిల్ల ఒకతే. దాని పేరు అండాలు. సన్నగా, నల్లగా, రెండు జడలతో, మాట తక్కువ పిల్ల. వాళ్ళ నాయిన జానయ్య దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ మధ్య ఆటో నడుపుతాడు. చిట్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి, శ్రీనివాస్ వాళ్ళ నాన్న నర్సింహారెడ్డి కట్టించిన వరస గదుల్లో ఒకదాంట్లో కిరాయికి ఉంటున్నారు. అండాలు పార్కుకు పోయిందంటే ఒక రాయి చూసుకుని కూర్చుంటుంది. దోమలు కుట్టినా కదలదు. తొండ తల ఎందుకు ఊపుతుందో రాసింది. పక్క రాయి మీద ఇంకో తొండ ఉందనీ, ఇది నా జాగా పో అని దాన్ని బెదిరించడానికే ఊపుతుందనీ, అది పోగానే ఊపడం మానేసిందనీ రాసింది. ఆరుద్ర పురుగును చేతిలో పెట్టుకుంటే కాళ్ళు ముడుచుకుని చచ్చినట్టు నటిస్తుందనీ, మనం చూడనట్టు నటిస్తే లేచి నడుస్తుందనీ రాసింది. గోడ పత్రికలో సగం దాని రాతలే. టీచర్ ఆ పిల్లను క్లాసులో నిలబెట్టి చూడండర్రా, చూడడమంటే ఇదీ అని మెచ్చుకుంటే, దానికి సిగ్గుతో చెవులు వేడెక్కేవి.

అలాంటి పిల్ల ఒక్క విషయం మాత్రం చూసి కూడా రాయలేదు. అసలు కథ అదే.

పార్కు మధ్యలో ఒక పుట్ట ఉండేది. అండాలు కంటే ఎత్తు. పసుపు, కుంకుమ, ఎండిపోయిన పూల దండలతో కళకళలాడుతుండేది. ఆ పుట్ట దగ్గర కాలనీ రెండుగా చీలిపోయింది. నల్గొండ నుంచీ, చుట్టుపక్కల పాత ఊళ్ళ నుంచీ వచ్చిన ఆడవాళ్ళు శ్రావణంలో నాగుల పంచమి చేస్తారు. కోస్తా నుంచి వచ్చినవాళ్ళు కార్తీకంలో నాగుల చవితి చేస్తారు. పాముకు అసలు పండగ ఏదన్న దాని మీద అండాలు నాయినమ్మ పెంటమ్మకూ, ఎదురు వీధి హనుమాయమ్మ గారికీ బావి దగ్గర ఒక పెద్ద వాదన జరిగింది. శ్రావణంలో పాలు పోయించుకున్న పాము కార్తీకం దాకా ఆకలికి ఆగుతుందా అని హనుమాయమ్మ గారు. కార్తీకం దాకా పస్తుంచి అప్పుడు పోస్తే కోపం రాదా అని పెంటమ్మ. చివరికి ఎవరి పండగ వాళ్ళు చేసుకుంటున్నారు. కాబట్టి మన పుట్టకు ఏడాదికి రెండు పండగలు. రెండింటికీ పాలు, చలిమిడి, కోడిగుడ్లు. తెల్లారి వెళ్ళి చూస్తే గుడ్లు మాయం. స్వామి ఆరగించాడని రెండు పక్షాల వాళ్ళూ ఎవరికి వాళ్ళు గర్వపడేవాళ్ళు.

ఆరగించింది స్వామి కాదని ఒక్క అండాలుకే తెలుసు. మొన్నటి పంచమి నాడు ఆడవాళ్ళందరూ వెళ్ళిపోయాక అది రాయి మీద కూర్చుని చూసింది. పుట్ట కింది కన్నంలో నుంచి మొదట ఒక నాలుక వచ్చింది, రెండుగా చీలిన నాలుక. అండాలు కాళ్ళు రాయి మీదికి లాక్కుంది. నాలుక వెనకాల తల వచ్చింది, తల వెనకాల మెడ, మెడ వెనకాల నాలుగు కాళ్ళు. పాముకు కాళ్ళుండవు గదా. అది ఉడుము. ఇంత లావుగా, మట్టి రంగు మీద పసుపు చుక్కలతో, పండగ ఇంటికి భోజనానికి వచ్చిన మేనమామలా అటూ ఇటూ చూసుకుంటూ వచ్చి, గుడ్లు ఒక్కొక్కటిగా కడుపు పట్టినన్ని మింగి, నాలుకతో మూతి తుడుచుకుని మళ్ళీ లోపలికి పోయింది. రెండు పండగల తిండి తిని బలిసిన ఒళ్ళు అది. అండాలుకు నవ్వు ఆగలేదు. ఆ రోజు నుంచి ఆ ఉడుము మీద దానికి చెప్పలేనంత ప్రేమ పుట్టింది. సాయంత్రం బడి విడవగానే పరుగు పార్కుకే.

మరి ఎందుకు రాయలేదంటే, నాయినమ్మ వల్ల.

పెంటమ్మకు ఏళ్ళ తరబడి నడుము నొప్పి. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. మలక్‌పేట దవాఖానలో ఇచ్చిన గోలీలు మింగీ మింగీ విసిగిపోయింది. ఆవిడకు తెలిసిన మందు ఒక్కటే, ఉడుము కూర. పల్లెలో ఉన్నప్పుడు ఎవరో పట్టుకొచ్చి పెడితే వారం రోజుల్లో నడుము తాడులా సాగిందట. ఊరి నుంచి ఎవరొచ్చినా, చుట్టమైనా, పాల వాడైనా, ఆవిడ మొదటి ప్రశ్న ఉడుము దొరికిందా అనే. పట్నం వచ్చి ఉడుము మొహం చూడలేదని కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ఆ పిల్ల ఉడుమును చూశానని ఒక్క మాట గోడ మీద రాసిందా, రాత్రికి అది కుండలో ఉంటుంది.

చూసింది రాయాలని టీచర్ చట్టం. రాస్తే ఉడుము చస్తుంది. రాయకపోతే నాయినమ్మ నడుము అలాగే ఉంటుంది. రోజూ పొద్దున నాయినమ్మ గోడ పట్టుకుని అమ్మో అయ్యో అంటూ లేస్తుంటే, అండాలు మొహం అటు తిప్పుకుని జడలు వేసుకునేది. నాయినమ్మంటే ప్రాణం ఆ పిల్లకు. రోజూ ఆవిడ పక్కనే పడుకుని, ఆవిడ నడుము మీద కాళ్ళతో మెల్లగా తొక్కి, మనసులో మాత్రం ఉడుమును దాచిపెట్టుకునేది. దొంగతనం చేసినట్టు ఉండేది దానికి. ఆ వారం గోడ పత్రికకు ఉడత గురించి రాసి ఇచ్చింది. ఉడత బాగానే ఉందిగానీ నీ మనసు దీంట్లో లేదేమే అని టీచర్ అననే అంది.

పంచమి వెళ్ళిన కొద్ది రోజులకు, వాన వెలిసిన ఒక సాయంత్రం, అండాలు ఇంకో వింత చూసింది. ఉడుము పుట్ట పక్కన ముందు కాళ్ళతో మట్టి తవ్వుతోంది. తవ్వి, తల పెట్టి చూసి, మళ్ళీ తవ్వింది. తర్వాత వెనక్కి తిరిగి, గుంత మీద ఒళ్ళు వాల్చి, చాలాసేపు కదలకుండా పడుకుంది. కళ్ళు మూసుకుంది, తెరిచింది. అది పక్కకు జరిగాక చాటుగా వంగి చూస్తే గుంతలో తెల్లగా గుడ్లు కనిపించాయి. తర్వాత ఆ గుంతను మట్టితో పూడ్చి, మూతితో ఒత్తి ఒత్తి చదును చేసింది. అంతటితో ఊరుకోక, కాస్త దూరంలో ఒకటి రెండు చోట్ల ఉత్త గుంతలు కూడా తవ్వి వదిలేసింది. అండాలుకు అర్థమైంది ఒకటే. ఆడవాళ్ళు పెట్టిన గుడ్లన్నీ తినలేక, మిగిలినవి కార్తీకం దాకా అటక మీద పచ్చడి దాచుకున్నట్టు దాచుకుంది, దొంగలు పసిగట్టకుండా వేరే గుంతలు కూడా పెట్టింది అనుకుంది. ఎంత తెలివి దీనికి అని మురిసిపోయింది. ఇంటికి పోయి ఎవరికీ చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే నర్సింహారెడ్డికి వినాయకుడు గుర్తుకొచ్చాడు. ఆయనది ఆ నేలతో పాత సంబంధం. కాలనీ అంతా ఒకప్పుడు ఆయన జొన్న చేనే. తల్లి పేరు మీద మైసమ్మ కాలనీ అని పెడదామనుకుంటే, ఆ పేరుకు గిరాకీ రాదని ఏజెంటు ఎవరో సినిమా తారలా వినిపించే పేరు పెట్టాడు. ఆ దిగులు ఆయనకు ఇంకా పోలేదు. మనిషి చెడ్డవాడు కాదు. గొంతు పెద్దది, అంతే. మూసారాంబాగ్‌లో, దిల్‌సుఖ్‌నగర్‌లో గల్లీ గల్లీకి గణపతి మండపాలు లేస్తుంటే, సంఘం అధ్యక్షుడిగా తన కాలనీకి ఒక్క మండపం లేకపోవడం ఆయనకు నామోషీగా ఉంది. పార్కును ట్రాక్టరుతో చదును చేయించి, ఈ వినాయక చవితికి మండపం, వచ్చే ఏటికి సిమెంటు బెంచీలు, పూల మొక్కలు అన్నాడు. అందరూ సై అన్నారు. పిల్లలు చప్పట్లు కూడా కొట్టారు.

అడ్డం వచ్చింది పుట్ట. పుట్టను ముడితే ఊరుకోమని ఆడవాళ్ళు, పంచమి పక్షమూ చవితి పక్షమూ కలిసి, మొదటిసారి ఒకే మాట మీద నిలబడ్డారు. నర్సింహారెడ్డికి దైవభయం లేకపోలేదు. ఆయన ఒక మధ్యే మార్గం చెప్పాడు. పుట్టలో పామును కళ్ళతో చూసినవాళ్ళు ఒక్కరుంటే చాలు, ముట్టుకోనన్నాడు. ఎవరూ చూడకపోతే అది ఉత్త చెదల మన్ను, అయ్యవారిని పిలిచి పూజ చేయించి తీసేస్తానన్నాడు. ఆడవాళ్ళలో పాలు పోసినవాళ్ళే అందరూ. చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.

అండాలుకు ఆ రోజు నుంచి అన్నం సయించలేదు. నోరు మూసుకుంటే ట్రాక్టరు, నోరు తెరిస్తే కుండ. పాము ఉందని అబద్ధం చెబుదామా అని ఒకసారి అనుకుంది. చెప్పగలదు కూడా. కానీ దాని మాట నమ్మేదే అది చూడనిది చెప్పదని గదా. ఒక అబద్ధం ఆడితే ఆ తొండా, ఆ ఆరుద్ర పురుగూ కూడా అబద్ధమైపోతాయి. పిల్లకు ఏడుపొచ్చింది.

ఆదివారం పొద్దున్నే ట్రాక్టరు వచ్చింది, ముందు పెద్ద ఇనప పలకతో. నడిపేవాడి పేరు మట్టయ్య, అల్మాస్‌గూడ మనిషి. కాలనీ అంతా పోగైంది. సీతారాములు గొడుగు వేసుకుని నిలబడ్డాడు. లలితకుమారి టీచర్ కూరగాయల సంచీతో ఆగిపోయింది. హనుమాయమ్మ గారు దండం పెట్టుకుంటూనే నిలబడింది. పెంటమ్మ అండాలు భుజమే కర్రగా పట్టుకుని కుంటుతూ వచ్చింది. అయ్యవారు కొబ్బరికాయ కొట్టి పక్కకు జరిగాడు. తుమ్మ చెట్లు రెండు పడ్డాయి, పొదలు లేచాయి. పలక పుట్ట వైపు తిరిగింది.

నర్సింహారెడ్డి చేయెత్తి ఆపి, న్యాయంగా ఆఖరిసారి అడిగాడు. చూసినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా అని. తాను చూశానని ఆయన కొడుకు శ్రీనివాసే ముందుకొచ్చాడు. తల మీద మణి కూడా ఉందన్నాడు. టీచర్ వాడి వైపు ఒక్క చూపు చూసింది. ట్రాన్స్‌ఫార్మర్ వెనకాల పులి గుర్తొచ్చి వాడు గమ్మున వెనక్కి పోయాడు. మట్టయ్య గేరు వేశాడు. పుట్ట పక్కన మొన్న పూడ్చిన కొత్త మట్టి మీదికి పలక నీడ పడింది.

"పుట్టల పాము లేదు," అంది అండాలు. "ఉడుమున్నది."

అంత మెల్లగా అన్న మాట అంతమందికీ ఎలా వినిపించిందో తెలియదు. అందరి తలలూ ఇటు తిరిగాయి. హనుమాయమ్మ గారు మొదట గుండె మీద చేయి వేసుకుంది. ఇన్ని కార్తీకాలుగా తాను పెట్టిన గుడ్లన్నీ ఎవరు తిన్నారో ఆవిడకు అప్పుడు వెలిగింది. నర్సింహారెడ్డి పెద్దగా నవ్వాడు. మట్టయ్య ఇంజను ఆపి, మెరిసే కళ్ళతో గడ్డపార తీసుకుని దిగాడు. ఉడుమంటే ఆ ట్రాక్టరు కిరాయి కంటే ఎక్కువ మరి. అండాలు భుజం మీద నాయినమ్మ చేయి బిగుసుకుంది.

ఇన్ని రోజులూ ఎందుకు రాయలేదని టీచర్ అడిగింది. కోపంగా కాదు, నొచ్చుకుని అడిగింది. అండాలు తల వంచుకుంది. కన్నీళ్ళు టపటపా రాలాయి.

"రాస్తే మా నాయినమ్మ తింటది, టీచర్."

నవ్వకుండా ఉండడం ఎవరివల్ల అవుతుంది? అయ్యవారితో సహా అందరూ నవ్వారు. పెంటమ్మ ఒక్కతే నవ్వలేదు. మనవరాలి మొహం చూస్తూ ఉండిపోయింది. ఇంట్లో తన పక్కనే పడుకుని, తన నడుము తొక్కుతూ, తన దగ్గరే దాచిపెట్టిందా అని ఆవిడకు ముందు కోపం, ఆ వెనకే ఇంకేదో వచ్చింది. టీచర్ దగ్గరికి వచ్చి పిల్ల కన్నీళ్ళు తుడిచి, సరే, రాయకపోతే పోనీ, చూసిందంతా ఇప్పుడు చెప్పమంది.

అండాలు చెప్పింది. నాలుక సంగతి, మూతి తుడుచుకోవడం, వాన వెలిసిన సాయంత్రం తవ్విన గుంత, మనం పెట్టిన గుడ్లను కార్తీకం దాకా దాచుకోవడం, దొంగల కోసం ఉత్త గుంతలు. ఎక్కడా ఒక్క ముక్క కలపలేదు. దాని గుడ్లను దాన్ని తిననివ్వండి, అది ఎవరినీ ఏమనదు అని ఆఖరున చేతులు జోడించింది. మట్టయ్య ఓపిక పట్టలేక గడ్డపార ఆనించి, గుడ్లు కూడా ఉన్నాయంటే ఇంకా మంచిదే అన్నాడు.

"నువ్వు జర ఆగు," అంది పెంటమ్మ వాడితో. మనవరాలి వైపు తిరిగింది. "గుడ్లు మూతితోని పెట్టిందా బిడ్డ?"

అండాలు ఆలోచించింది. మూతితో పెట్టడం చూడలేదు. వెనక్కి తిరిగి పడుకుందని చెప్పింది. ఎంతసేపు అని అడిగింది పెంటమ్మ. చాలాసేపు. కదిలిందా? కదలలేదు, కళ్ళు మూసి తెరిచింది. గుడ్లు కోడిగుడ్లంత ఉన్నాయా? లేదు, కొంచెం సన్నగా, పొడుగ్గా, తడితడిగా. అడిగేకొద్దీ పెంటమ్మ గొంతు తగ్గుతూ వచ్చింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే నవ్వడం ఆపేశారు. పిల్లలకూ మగవాళ్ళకూ ఇంకా ఏమీ తెలియలేదు.

"పిచ్చి బిడ్డ," అంది పెంటమ్మ. "అది దాసుకోలే. కన్నది."

ఆడవాళ్ళ చూపులన్నీ ఆ కొత్త మట్టి మీదికి పోయాయి. ఇన్నేళ్ళుగా పిల్లలు కావాలనీ, ఉన్న పిల్లలు చల్లగా ఉండాలనీ ఆ పుట్టకు మొక్కినవాళ్ళే అందరూ. పెంటమ్మ ఎనిమిది మందిని కని ముగ్గురిని దక్కించుకున్న మనిషి. ఆవిడ మనవరాలి భుజం వదిలేసి, తనంతట తానే నడిచిపోయి, ఆ కొత్త మట్టి పక్కన, ట్రాక్టరు పలకకు ఎదురుగా, నడుము పట్టుకుని మెల్లగా చతికిలబడింది. ఎవరో చేయి అందించబోతే వద్దంది.

నర్సింహారెడ్డి ఇబ్బందిగా నవ్వాడు. ఉడుము దేవుడు కాదు గదా అవ్వా, పండగ దగ్గర పడింది, లేవమన్నాడు. పెంటమ్మ తలెత్తి ఆయన్ను చూసింది. తమ గది ఓనరని జంకలేదు.

"పటేలా, నీకు గిన్ని గదులున్నయి. కిరాయికున్న బాలింతను ఎన్నడన్న ఖాళీ చెయ్యమన్నవా?"

ఆయన ఎన్నడూ అనలేదు. కిరాయి నెలలు నెలలు ఎగ్గొట్టినవాళ్ళను కూడా, ఇంట్లో పురిటి మంచం ఉందంటే, ఆ గుమ్మం ముందు గొంతు కూడా ఎత్తేవాడు కాదు ఆయన. ఆ సంగతి కాలనీ అంతటికీ తెలుసు. మెడ మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, పుట్ట వైపు చూసి, మళ్ళీ పెంటమ్మ వైపు చూసి, మరి గణపతిని ఎక్కడ కూర్చోబెట్టాలె అని నిజంగానే దిగులుగా అడిగాడు.

జవాబు హనుమాయమ్మ గారి నుంచి వచ్చింది. ఆవిడ చెంగు నడుముకు చుట్టి, వచ్చి పెంటమ్మ పక్కన నిలబడింది. బావి దగ్గర వాదన జరిగాక వాళ్ళిద్దరూ అంత దగ్గరగా నిలబడడం అదే మొదలు.

"ఈ పుట్ట పక్కనే కూర్చోబెట్టండి," అంది. "తల్లి గుమ్మం ముందు కాపలా కాసినవాడే కదండీ ఆయన."

ఆ మాటకు ఎదురు చెప్పగల మొనగాడు కాలనీలో లేడు. సీతారాములు గొడుగు మూసి, ఏటవాలుగా ఉన్నా నాలుగు బండరాళ్ళు సర్దితే మండపం నిలబడుతుందని లెక్క చెప్పాడు. మట్టయ్య ఉసూరుమంటూ గడ్డపార ట్రాక్టరులో పడేసి, పలకను అవతలి మూలకు తిప్పాడు. పిల్లలు ఎప్పుడు బయటికొస్తాయని బాపిరాజు టీచర్‌ను అడిగాడు. ఆవిడ కాస్త తటపటాయించి, నాకు తెలియదు, చూసి మీరే నాకు చెప్పాలి అంది. దాంతో ఆరో తరగతి మొత్తానికీ బాధ్యత మీద పడినట్టయింది. ఎవరు ఏ పూట రాయి మీద కూర్చోవాలో అక్కడికక్కడే పోట్లాట మొదలైంది.

జనం పలచబడ్డాక అండాలు నాయినమ్మ దగ్గరికి పోయి నిలబడింది. భయంగానే ఉంది దానికి. ఇంత దాచినందుకు తిడుతుందనుకుంది. పెంటమ్మ తిట్టలేదు. లేపమని చేయి చాచింది. అండాలు రెండు చేతులతో లాగితే, అమ్మో అయ్యో అంటూ సగం లేచి, అక్కడే ఆగి ఊపిరి తీసుకుంది. ఆ మొహంలో నొప్పి చూసి పిల్లకు మళ్ళీ కళ్ళు నిండాయి.

"మరి నీ నడుం ఎట్ల, నాయినమ్మా?"

పెంటమ్మ పూడ్చిన మట్టి వైపు చూసింది.

"నాది పాత నొప్పి, ఓర్సుకుంట," అంది. "దానిది పచ్చి నడుం."

అలా అని, మట్టి మీద పడ్డ ట్రాక్టరు బెడ్డలను కాలితో మెల్లగా పక్కకు నెట్టి, మనవరాలి భుజం మీద చేయి వేసుకుని ఇంటికి నడిచింది.